ఒకటి నొక్కినవాడు

గుండ్లవంకపల్లెకు సోమవారం నుంచి నీళ్ళ ట్యాంకరు రాదు.

ఆ కబురు ఓబులమ్మ ఫోనులో చెప్పీ చెప్పగానే, మదీనాగూడలో పైపుల కొట్టు నడుపుకునే ఆమె తమ్ముడు రామాంజనేయులు గల్లాపెట్టె మూసి, కొట్టు పనివాళ్ళకు అప్పజెప్పి, రాయదుర్గం వైపు ఆటో ఎక్కాడు. పోయినవారం మనం అతన్ని ఆ ఆటోలోనే వదిలిపెట్టాం. ఊళ్ళో ఇంటింటికీ కుళాయి నీళ్ళు నిండుగా అందుతున్నాయని, ఇక ట్యాంకరుతో పని లేదని తేల్చిన లెక్క ఎక్కడో జిల్లా ఆఫీసులో పుట్టలేదు. రాయదుర్గం మెట్రో స్టేషను పక్కన అద్దాల మేడలో, అతని కూతురు కావ్య ఉద్యోగం చేసే కంపెనీలో పుట్టింది. జిల్లా మొత్తంలో ఏ ఊరికి నీళ్ళు ఎలా అందుతున్నాయో కొలిచి చెప్పే పని ఆ కంపెనీ తీసుకుంది. ఆ పని తన కూతురి చేతికి వచ్చిందని మూడు నెలల కిందట కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుని మురిసినవాడు రామాంజనేయులే.

ఇప్పుడు ఆ మురిపెమంతా వాపసు వచ్చిన సరుకులాగా గుండెల మీద కూర్చుంది.

సగం జీవితం పైపులూ మోటార్లూ వాల్వులూ అమ్మినవాడు అతను. మనుషుల్ని కూడా అదే కంటితో చూస్తాడు. ఎవడు ఎంత ఒత్తిడికి తట్టుకుంటాడు, ఎవడు పైకి మెరుగు లోపల పల్చన, ఎవడు అతుకు దగ్గర కారతాడు, అన్నీ ఒక్క చూపులో తేల్చేస్తాడు. కోపం కూడా అతనికి సరుకే. ఊరికే పంచిపెట్టడు. గిట్టుబాటయ్యే చోటు చూసుకుని దించుతాడు. ఇవాళ మాత్రం దాన్ని ఎక్కడ దించాలో అతనికి ముందే తెలుసు. మోసుకుపోవడమే కష్టంగా ఉంది.

కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు జేబులో ఫోను మోగింది. ఏదో రికార్డు గొంతు. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని తియ్యగా మొదలుపెట్టింది. అతను చెవికి కూడా ఆనించకుండా, బొటనవేలితో నొక్కాల్సింది నొక్కి, మళ్ళీ జేబులో పడేశాడు. రోజూ ఉండేవే ఇవి. ఒకసారి బ్యాంకువాడు, ఒకసారి ప్లాట్లవాడు. వ్యాపారం చేసుకునేవాడు వాటికి చెవి ఇస్తే కొట్టు మూసుకోవాల్సిందే.

ఆ మేడ ముందు దిగేసరికి మొదట కనపడినవి ట్యాంకర్లు. పక్క గేటు దగ్గర వరసగా నిలబడ్డాయి. ఒకదాని గొట్టం భూమిలోపలి సంపులోకి దించి ఉంది. గొట్టం అతుకు దగ్గర నీళ్ళు చిమ్ముతూ రోడ్డు మీదికి పారుతున్నాయి. పట్టించుకున్నవాడు లేడు. రామాంజనేయులు చెయ్యి అలవాటుగా ఆ అతుకు వైపు వెళ్ళబోయి ఆగిపోయింది. ట్యాంకరు నీళ్ళతో చేతులు కడుక్కునే మేడలో కూర్చుని, మా ఊరికి ట్యాంకరు అక్కర్లేదని రాశారు గదా వీళ్ళు, అనుకున్నాడు. అనుకున్నకొద్దీ ఒళ్ళు మండింది.

లోపల చల్లగా ఉంది. రిసెప్షను వెనకాల గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నల్లరాయి. ఆ రాతి మీద పైనుంచి కిందికి పల్చటి తెరలాగా నీళ్ళు జారుతున్నాయి. ఊరికే, అందం కోసం.

"పెద్దాయనా, జర ఆగుండ్రి. ఎవరిని కలవాలె?" సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా బిడ్డను. కావ్య అని."

"బిడ్డనైనా పాసు ఉండాలె సార్. కెమెరా దిక్కు చూడుండ్రి, ఫోటో పడాలె."

రామాంజనేయులు కెమెరా వైపు చూశాడు. ఫోటోలో అప్పు ఎగ్గొట్టినవాడిని వెతుకుతున్నట్టు పడ్డాడు.

"ఆ గోడ మీద నీళ్ళు ఎప్పుడూ ఇట్లా పడతానే ఉంటాయా?"

"పడ్తనే ఉంటయి సార్. బంద్ అయితే పెద్దసార్లు పరేషాన్ అయితరు. ఒక్కసారి మోటరు ఖరాబయితే మాకు ఎన్ని ఫోన్లొచ్చినయో!"

"అట్లనా. మేం కూడా ఫోన్లు చేసి ఉండాల్సింది," అన్నాడు రామాంజనేయులు. సెక్యూరిటీ అతనికి అర్థం కాలేదు. పాసు మెడలో వేసి పంపించాడు.

కావ్య లిఫ్టు దగ్గరే ఎదురొచ్చింది. కళ్ళ కింద నలుపు. చేతిలో ల్యాప్‌టాప్.

"నాన్నా, ఫోన్ చేసి రావచ్చు కదా."

"చేస్తే మీటింగులో ఉన్నానంటావు."

"నిజంగానే మీటింగులో ఉన్నాను."

"ఇంకా మంచిది. ఆ మీటింగుకే వచ్చినా."

కావ్య చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అత్త నాకూ ఫోన్ చేసింది. నేనూ ఉదయ్ సార్‌ని అడిగాను. లెక్కల్లో తప్పేమీ కనపడలేదు నాన్నా. ఇంటింటి జవాబులతో ముసాయిదా ఇప్పటికే పంచాయతీలకు పోయింది. అసలు రిపోర్టు ఇవాళ ఆరింటికి జిల్లాకు వెళ్ళిపోతుంది. ఈలోపల సార్‌తో కాసేపు మాట్లాడిస్తాను. గొడవ మాత్రం వద్దు."

"గొడవేందమ్మా. సరుకు ముట్టలేదని చెప్పడానికి వచ్చినా. అంతే."

అక్కడి గదులకు నదుల పేర్లు పెట్టారు. వీళ్ళను తీసుకెళ్ళిన గది తలుపు మీద 'తుంగభద్ర' అని ఉంది. పక్కదాని మీద 'పెన్నా'. ఆ పక్క గదిలో ఎవరూ లేరు.

"పెన్నా ఖాళీగా ఉందే," అన్నాడు రామాంజనేయులు.

"అది ఎప్పుడూ ఖాళీయే నాన్నా. అందులో ఏసీ పనిచెయ్యదు."

అంత కోపంలోనూ అతనికి నవ్వొచ్చింది. నవ్వు మూతి దాకా రాకముందే ఉదయ్ భాస్కర్ లోపలికొచ్చాడు. కావ్య పై అధికారి. నలభై దాటిన మనిషి, చేతులు మోచేతుల దాకా మడిచిన చొక్కా, మెత్తటి మాట. కోనసీమ వాడని కావ్య ఎప్పుడో చెప్పింది.

"నమస్కారమండి. కావ్య నాన్నగారు వచ్చారంటే మాకు సంతోషమండి. కూర్చోండి. కాఫీ తీసుకుంటారా?"

"కాఫీలోకి నీళ్ళు కావాల గదా సార్. ముందు నీళ్ళ సంగతి మాట్లాడదాం."

ఉదయ్ భాస్కర్ ముఖం మాడ్చుకోలేదు. కూర్చున్నాడు. గోడ మీద తెర వెలిగించాడు. జిల్లా పటం వచ్చింది. ఊరికో చుక్క. ఎక్కువ పచ్చవి, అక్కడక్కడా పసుపు, ఎర్రవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గుండ్లవంకపల్లె నిగనిగలాడే పచ్చ చుక్క.

"మాది గాలి లెక్క కాదండి," అన్నాడు ఉదయ్ భాస్కర్. "రెండు కళ్ళతో చూస్తాం. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకులో సెన్సరు పెట్టాం. నీళ్ళు ఎక్కినా దిగినా మాకు ఇక్కడ తెలిసిపోతుంది. మీ ఊరి ట్యాంకు రోజూ నిండుతోంది, రోజూ ఖాళీ అవుతోందండి. అంటే నీళ్ళు ఊళ్ళోకి వెళ్తున్నట్టే గదండి."

"సార్, నేను గోడౌను నుంచి లారీ పంపిస్తా. గేటు దాటుతాది. సాయంత్రానికి ఖాళీ లారీ తిరిగొస్తాది. సరుకు ముట్టినట్టేనా? మధ్యలో ఎక్కడ దింపినాడో, ఎవరికి దింపినాడో నాకు తెలియాల గదా! అవతల పార్టీ ముట్టిందని సంతకం పెడితేనే మాకు ఆ బిల్లు తీరినట్టు." రామాంజనేయులు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మా ఊరు గుట్ట వాలున ఉంటాది. ట్యాంకు కింద ఉంది, బడి పక్కన. ట్యాంకు కట్టే రోజే చెప్పినా, పైవీధులకు ఎక్కదని. కింది వీధిలో నాలుగు ఇళ్ళోళ్ళు తోటలకు కూడా పట్టుకుంటారు. ట్యాంకు ఖాళీ అయిపోతాది. మీ సెన్సరు సంతోషపడతాది. పైవీధి కుళాయిలో గాలి బుస్సుమంటాది."

"మీరన్నది కరక్టేనండి. నేను కాదనను." ఉదయ్ భాస్కర్ తల ఊపాడు. "అందుకే రెండో కన్ను పెట్టామండి. మీ భాషలో చెప్పాలంటే, ఆ ముట్టిందన్న సంతకం. కుళాయి కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ మా సిస్టమ్ నుంచి ఫోన్ వెళ్ళింది. నీళ్ళొస్తుంటే ఒకటి నొక్కండి, రాకపోతే రెండు నొక్కండి అని. మీ పైవీధి, కింది వీధి, అందరికీ. నూటికి తొంభై మంది పైనే ఒకటి నొక్కారండి. మీ ఊరివాళ్ళే చెప్పారు. మేం చెప్పింది కాదు."



బేరంలో అవతలివాడు అడక్కముందే రసీదు బయటికి తీస్తే ఎట్లా ఉంటుందో అట్లా అయింది రామాంజనేయులుకు. ఊరివాళ్ళే చెప్పారా? మరి అక్క? ఒక్క క్షణం, తన సొంత అక్కను కూడా తూకంలో వేశాడు. ఓబులమ్మ గేదెలు పెంచుతుంది. గేదెలకు నీళ్ళు కావాలి. ట్యాంకరు పోతే ఆమెకే నష్టం. కొంచెం పెంచి చెప్పిందేమో? ఆ మాట మనసులోకి వచ్చినందుకు అతనికే చీదర పుట్టింది. ఇందాక ఫోనులో ఆమె గొంతు వెనకాల బిందెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, 'నా వరస, నా వరస' అని ఆడవాళ్ళ అరుపులు వినపడ్డాయి. కుళాయి వచ్చే ఊళ్ళో ఆ అరుపులు ఉండవు.

"సార్, మీది కాలవ గట్టు ఊరు. ఇంటెనకాల చెయ్యి పెడితే నీళ్ళు. మా సంగతి మీకెట్లా తెలుస్తాది?"

"మా ఊళ్ళోనూ తాగడానికి డబ్బా నీళ్ళే కొంటున్నామండి," అన్నాడు ఉదయ్ భాస్కర్, నొచ్చుకోకుండానే. "కాలవ చూసి మురవడానికే మిగిలింది."

ఆ జవాబును రామాంజనేయులు లోపల్లోపల మెచ్చుకున్నాడు. ఇతను పల్చటి సరుకు కాదు. దొంగ కాదు. నమ్మి చెప్తున్నాడు. అదే ఎక్కువ కోపం తెప్పించింది. దొంగ అయితే పట్టుకోవచ్చు. నమ్మినవాడిని ఏం చెయ్యాలి?

"అయితే ఒక పని చెయ్యండి సార్. ఒకటి నొక్కినోళ్ళలో ఎవరితోనైనా నన్ను మాట్లాడించండి. మా ఊరోడు నా ఎదురుగా అబద్ధం చెప్పలేడు."

"నంబర్లు బయటికి చూపించకూడదండి. కానీ ఇక్కడి నుంచే కలపొచ్చు. కావ్యా, పైవీధి నుంచి ఒకటి కలపండి. స్పీకర్‌లో పెట్టండి."

కావ్య కలిపింది. మోగి మోగి ఎత్తారు. మొదట మనిషి గొంతు కాదు, కంకర తిరుగుతున్న మిక్సరు మోత గదినిండా పడింది.

"ఎవురు?"

"నీటి సర్వే కంపెనీ నుంచి అండి. గుండ్లవంకపల్లెలో మీ కుళాయికి..."

"ఒకటి నొక్కినా కదమ్మా! మళ్ళా ఎందుకు చేస్తారు? మేస్త్రి ఈడే చూస్తాండాడు."

రామాంజనేయులు బల్ల మీదికి వంగాడు. "రేయ్, చిన్నోబులేసూ!"

మిక్సరు మోతలో గొంతు తడబడింది. "అన్నా! నువ్వా? ఇదెవురి నంబరన్నా?"

"అది వదిలెయ్. యాడున్నావు నువ్వు?"

"కోకాపేట కాడ. నువ్వే గదా పనికి పెట్టిస్తివి. స్లాబు పోస్తాండాం."

"ఊళ్ళో మీ ఇంటి కుళాయికి నీళ్ళొస్తాండాయా?"

"భలే అడుగుతావన్నా. నీళ్ళొచ్చింటే నేను ఈడెందుకుంటా? చేను ఎండబెట్టుకుని వచ్చినోన్ని. మా ఆడమనిషి పొద్దున్నుంచీ ట్యాంకరు కాడనే గదా పడిగాపులు."

"మరి ఒకటెందుకు నొక్కినావురా?"

 చిన్నోబులేసు ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నట్టుంది, గొంతు స్పష్టంగా వచ్చింది.

"మొదటిసారి రెండే నొక్కినాన్నా. నొక్కితే వదల్లేదు. ఎవురో ఆమె ఎత్తుకునింది. మీ వీధి ఏది, ఎన్ని రోజులైంది, పైపు యాడ పగిలింది అని. అంత పైన అంచు మీద నిలబడి ఏం చెప్పేది? మర్నాడు ఇంగొకాయన చేసినాడు. మేస్త్రి ఫోను గుంజుకుని, మాట్లాడుకోవాలంటే ఊరికి పో అన్నాడు. మనోళ్ళకు అందరికీ ఇట్లే అయింది. అప్పుడు అందరం అనుకున్నాం. ఒకటి నొక్కితే ధన్యవాదాలు అంటాది, పెట్టేస్తాది. ఇంగ రాదు. ఏమన్నా, తప్పయిందా?"

 కావ్య, "ఉంటానండి" అని పెట్టేసింది.

ఉదయ్ భాస్కర్ ఇంకో నంబరు కలపమని చేత్తో చూపించాడు. ఆ మనిషి బెంగళూరులో ఆటో నడుపుతున్నాడు. ఆ తర్వాతివాడు ఇక్కడే శేరిలింగంపల్లిలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. ఆడమనిషి గొంతు ఒక్కటీ లేదు. ఊళ్ళో ఉన్నవాడు ఒక్కడూ లేడు. ముగ్గురూ ఫోను పీడ వదిలించుకోవడానికే ఒకటి నొక్కారు.

"సార్," అంది కావ్య నెమ్మదిగా. "కనెక్షన్లన్నీ ఇంటి యజమాని పేరు మీదే ఉన్నాయి. నంబరూ వాళ్ళదే. వాళ్ళు ఊళ్ళో ఉన్నారో లేదో మనం చూడలేదు. నేను చూడలేదు."

రామాంజనేయులు లేచి నిలబడ్డాడు. మోసుకొచ్చిన సరుకంతా ఇప్పుడు దించాడు.

"ఫోను మగోని జేబులో ఉంటాది సార్. బిందె ఆడదాని నెత్తిన ఉంటాది. మీరు జేబును అడిగినారు. నెత్తిని అడగల్యా! నీళ్ళు లేక ఊరొదిలి వచ్చినోన్ని పట్టుకుని మీ ఊళ్ళో నీళ్ళున్నాయా అంటారా? వాడు ఈడ మీ మేడలకు స్లాబు పోస్తాంటే, ఆ స్లాబు మీది నుంచి వాని చేతనే వాని పెండ్లాం నీళ్ళు ఆపించినారు గదా! రెండు నొక్కినోన్ని కోర్టు కాడ సాక్షి మాదిరి పీడించినారు. ఒకటి నొక్కినోనికి ధన్యవాదాలు. నేను కొట్లో ఇట్లా వ్యాపారం చేస్తే, సరుకు బాగలేదన్న గిరాకీని గంటసేపు నిలబెట్టి, బాగుందన్నోన్ని నవ్వుతా పంపిస్తే, నాకు కూడా నూటికి తొంభై మంది బాగుందనే అంటారు. ఆ పచ్చ చుక్క ఏందో తెలుసా సార్? మనుషులు లేచిపోయిన చోటు అది. ఎంత మంది లేచిపోతే అంత పచ్చన!"



ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరన్నది నా బుర్రకు ఎక్కిందండి. కానీ ముగ్గురు మాట మార్చారని జిల్లా మొత్తం రిపోర్టు నేను ఒక్కణ్ణే ఆపలేను. జిల్లా ఆఫీసువాళ్ళు ఆరింటికి కాచుక్కూర్చున్నారు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒక దారి ఉందండి. ఒప్పందంలోనే ఉంది, ఎవరూ వాడరు. జవాబిచ్చిన మనిషే తన పేరు చెప్పి, నా జవాబు తప్పు అని ఆరులోపల మా దగ్గర నమోదు చేయించాలి. ఆదివారం గ్రామసభలో నిలబడి అదే మాట ఊరి ముందు చెప్పాలి. అప్పుడు ఆ ఊరిని వివాదం కింద పెడతాం. వివాదం తేలేదాకా ట్యాంకరు ఆపడానికి లేదండి. ఒక్కరు చాలు."

"ఒక్కడేంది, పది మందిని తెస్తా," అని రామాంజనేయులు చిన్నోబులేసుకే మళ్ళీ కలపమన్నాడు.

చిన్నోబులేసు అంతా విన్నాడు. "ఆదివారం స్లాబు ఉందన్నా. పోతే ఇంగ రావొద్దంటాడు మేస్త్రి. అప్పు తెచ్చుకున్నా వాని కాడ. నన్ను విడిచిపెట్టన్నా." వాచ్‌మన్ అసలు ఫోను ఎత్తలేదు. ఆటో అతను, పేరు చెప్పకుండా అయితే చెప్తానన్నాడు.

వాళ్ళ మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు రామాంజనేయులు. రాలేదు. కూలి పోతే పొయ్యి వెలగనివాడి దగ్గర ధైర్యం అడగడం, అరువు పెట్టే కొట్లో నగదు అడగడం లాంటిది.

"మగోళ్ళ సంగతి వదిలెయ్యండి," అన్నాడు. "మా అక్క ఉంది. ఓబులమ్మ. ఊళ్ళోనే ఉంది, పైవీధిలోనే ఉంది. ఆమెకు మేస్త్రి లేడు, భయమూ లేదు. రెండు నొక్కమంటే ఫోను పగిలేదాకా నొక్కుతాది. ఆమె ఇంటి జవాబు తీయమ్మా."

కావ్య ల్యాప్‌టాప్ మీద వెతికింది. "పైవీధి... రాములవారి గుడి సందు... దొరికింది నాన్నా." ఆమె వేళ్ళు ఆగాయి. "జవాబు... ఒకటి."

"అబద్ధం!" రామాంజనేయులు అరచెయ్యి బల్ల మీద పడింది. "మా అక్క ఒకటి నొక్కిందా? తల తీసినా నొక్కదు. చూడండి సార్, ఇప్పుడు దొరికినాడు దొంగ. ఎవడో ఆ ఇంటి మీద దొంగ జవాబు రాసినాడు. మా నాలుగు గోడల మీద, మా కుళాయి మీద! కలపమ్మా ఆ నంబరు. ఎవడో ఈడే తేలిపోవాల."

కావ్య కదల్లేదు. తెర మీద నంబరు చివరి అంకెలే కనపడుతున్నాయి. ఆ అంకెలు ఆమెకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు.

"నాన్నా, వద్దు."

"ఏం, ఎందుకొద్దు? పెద్దోడెవడైనా ఉన్నాడా? ఎవడైనా సరే. కలుపు!"

"కలపండి కావ్యా," అన్నాడు ఉదయ్ భాస్కర్ కూడా. "దొంగ జవాబైతే నాకూ తెలియాలి."

కావ్య తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, కలిపింది.

స్పీకరులో అవతల మోగుతున్న చప్పుడు. అదే క్షణంలో రామాంజనేయులు చొక్కా జేబులో ఫోను మోగింది.

"ఈ టైములోనే..." అని విసుక్కుంటూ బయటికి తీశాడు. తెలియని నంబరు. బొటనవేలు అలవాటుగా దాని మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఎదురుగా కూతురు కళ్ళనిండా నీళ్ళతో చూస్తోంది. ఆమె ల్యాప్‌టాప్ మీద ఏదో తాకింది. అతని చేతిలో ఫోను ఆగిపోయింది. మళ్ళీ తాకింది. మళ్ళీ మోగింది.

లెక్క రెండోసారి చూసుకోవాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. ఇప్పుడూ రాలేదు.

ఊళ్ళో ఇల్లు అతని పేరున ఉంది. కాపురం అక్కది. కుళాయి బిగించడానికి వచ్చినవాళ్ళు ఇంటి యజమాని నంబరు కావాలన్నారు. 'నీకేదో అంకెలు వస్తాయంటరా, చదివి చెప్పు' అని అక్క ఫోన్ చేసింది. కొట్లో గిరాకీ ఉంది. చదివి చెప్పాడు. ఆ తర్వాత మరిచేపోయాడు. ఆ తర్వాత ఎప్పుడో, ఏ మధ్యాహ్నమో, ఏ గిరాకీతో బేరమాడుతూనో, ఒక తియ్యటి గొంతు గుండ్లవంకపల్లె అని పలికి ఉంటుంది. విని ఉంటే తెలిసేది. వినలేదు. ఒకటి నొక్కితే నోరు మూసుకుంటుందని వేలికి తెలుసు. వేలే జవాబు చెప్పింది.

చిన్నోబులేసుకు మేస్త్రి ఉన్నాడు. తనకు ఎవడున్నాడు?

ఉదయ్ భాస్కర్ గెలిచినట్టు చూడలేదు. బల్ల మీది గాజు సీసా మూత తీసి, ముందుకు జరిపాడు. "కొంచెం నీళ్ళు తాగండి సార్."

రామాంజనేయులు ఆ సీసా వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"రూలు ప్రకారం చూస్తే," అన్నాడు ఉదయ్ భాస్కర్ చివరికి, "జవాబిచ్చిన మనిషి ఈ గదిలోనే ఉన్నారండి. కానీ ఒక మాట దాచకుండా చెప్తాను. ఆ మండలం లెక్క సరిచూసింది కావ్య. తప్పు జవాబిచ్చింది ఆవిడ తండ్రే అని రేపు రాతలోకి వస్తే, తండ్రీ కూతుళ్ళు కలిసి చేశారంటారు. నేను అడ్డం నిలబడగలనని మాట ఇవ్వలేను."

"అది నా సంగతి సార్," అంది కావ్య. "నాన్న సంగతి నాన్న చూసుకుంటాడు."

గోడ గడియారం ఆరుకు దగ్గరపడుతోంది. ఒకవైపు ఊరి ట్యాంకరు. ఇంకోవైపు కూతురి ఉద్యోగం. ఇన్నేళ్ళూ ఊరి పిల్లలకు పని చూపించిన పెద్దమనిషి అన్న పేరు ఆ పక్కనే. ఏది ఎక్కడ వేసినా తక్కెడ ఒక వైపుకే ఒరుగుతోంది. తెలివిగలవాడు తప్పించుకునే సందు ఎక్కడో ఉండాలి. ఎప్పుడూ ఉండేది. వెతికాడు.

చేతిలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి కావ్య చేతులు ల్యాప్‌టాప్ మీద లేవు. తెర మీద 'అక్క' అని ఉంది. వేలు ఎక్కడ తాకిందో ఏమో, స్పీకరు పడింది.

"రేయ్ ఆంజినేయా!" ఓబులమ్మ గొంతు గదిని నింపేసింది. వెనకాల బిందెల చప్పుడు. "పంచాయతీ కాడ సెక్రటరీ అందరి ముందరా చదివి చెప్పినాడురా. నీళ్ళొస్తాండాయని మన ఇంటి నుంచే చెప్పినారంట! ఊరంతా నా మొగం చూస్తాండారు. ట్యాంకరు కాడ బిందె పెట్టనీల్యా నన్ను. నీళ్ళొచ్చే ఇంటిదానివి, నీకెందుకు వరస అని తోసేసినారు. గేదెలు పొద్దున్నుంచి అరుస్తాండాయి." ఆమె ఊపిరి తీసుకుంది. ఏడుపు కాదది. "నువ్వు పెద్ద పెద్దోళ్ళ మధ్య తిరుగుతావు గదా. ఆ చెప్పినోడు ఎవుడో నాకు పేరు కావాల. ఆదివారం సభలో వాన్ని నిలబెట్టి, మీ ఇంటికి నీళ్ళు యాడొచ్చినాయిరా అని నేనే అడుగుతా. కనుక్కుంటావా?"

కావ్య తల దించుకుంది. ఉదయ్ భాస్కర్ కిటికీ వైపు తిరిగాడు. కింద పక్క గేటు దగ్గర ఇంకో ట్యాంకరు వచ్చి నిలబడింది.

"కనుక్కున్నానక్కా," అన్నాడు రామాంజనేయులు.

అవతల బిందెల చప్పుడు ఆగింది.

"ఎవుడు?"